చెక్క నేల: మేకు కనుమరుగయ్యేలోగా చూసుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. మీ పత్రిక గృహాలంకరణ పేజీలో గట్టి చెక్క నేలల గురించి వచ్చిన వ్యాసం చదివాను. చెక్క ఎంపిక, రంగు, మెరుగు గురించి అందులో చెప్పిన విషయాలు ఉపయోగకరంగానే ఉన్నాయి. అయితే పలకలు బిగించే పనిని ఒక్క పేరాలో ముగించి, మేకులు దించే నెయిలర్ యంత్రం వచ్చాక ఇదంతా చిటికెలో అయిపోయే పని అనీ, దానికిచ్చే గాలి పీడనం ఎంత పెంచితే మేకు అంత గట్టిగా పట్టుకుంటుందనీ రాశారు. చాలాకాలంగా ఈ పనులు చేయిస్తున్నవాడిగా ఆ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. మొదటిది సగం నిజం, రెండోది పూర్తిగా తప్పు. దాన్ని నమ్మి ఎవరైనా పని చేయిస్తే జరిగే నష్టం ఆ రోజు బయటపడదు. రెండు మూడు కాలాలు మారాక నేల కిర్రుమనడం మొదలుపెట్టినప్పుడు బయటపడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

గట్టి చెక్క పలకకు ఒక అంచున సన్నని నాలుక, రెండో అంచున ఆ నాలుక పట్టేంత గాడి ఉంటాయి. కొత్త పలక గాడిని అంతకుముందు బిగించిన పలక నాలుక మీదికి నెట్టి, కొత్త పలక నాలుక మొదట్లో, అంటే నాలుక పలక ఒంటిని కలిసే మూలలో, 45 డిగ్రీల ఏటవాలుగా మేకు దించాలి. తరువాతి పలక వచ్చి ఆ మేకును కప్పేస్తుంది కనుక పూర్తయిన నేల మీద మేకు తలలు కనిపించవు. చేతి సుత్తితో చేసే రోజుల్లో ప్రతి మేకుకూ ముందు సన్నని బెజ్జం వేసి, మేకును చాలావరకు సుత్తితో దించి, పలక అంచు చితకకుండా చివరి దెబ్బలు మేకు తల మీద పంచ్, అంటే చిన్న ఉక్కు కడ్డీ, పెట్టి కొట్టేవారు. ఓపిక, చేతి నేర్పు రెండూ ఉన్న వడ్రంగి కూడా సాయంత్రానికి అలసిపోయి కోణం తప్పేవాడు.

నేల పనికోసమే చేసిన నెయిలర్ ఈ ఇబ్బందిని తీర్చింది. దాని పాదం పలక మీద ఆనుతుంది, ముందు అంచు నాలుక మీద కూర్చుంటుంది. సరిగ్గా కూర్చుంటే చాలు, మేకు దిగవలసిన చోటూ కోణమూ రెండూ ఖాయమైనట్టే. పనివాడు పైనున్న బొడిపెను బరువైన సుత్తితో కొడతాడు. ఆ దెబ్బ పలకను వెనకటి వరుసకు అదుముతుంది. అదే దెబ్బకు లోపలి కవాటం తెరుచుకుని, కంప్రెసర్ నుంచి వచ్చిన గాలి పిస్టన్‌ను తోసి, మేకును ఒక్క ఊపులో చెక్కలోకి దించుతుంది. గాలితో పని లేకుండా కేవలం సుత్తి దెబ్బ బలంతో మేకు దించే నెయిలర్లు కూడా ఉన్నాయి. చిన్న గదులకు అవి చాలు, పైగా మోత తక్కువ.

ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, దీన్ని చాలామంది పనివాళ్లే పట్టించుకోరు. గాలి యంత్రంలో మేకును దించేది గాలి, పలకను అదిమేది సుత్తి. దెబ్బ మెల్లగా తగిలినా మేకు మాత్రం పూర్తిగానే దిగుతుంది. అంటే పలకకూ వెనకటి పలకకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలి ఉండగానే మేకు బిగుసుకుపోతుంది, ఇక ఆ సందును మూయడం సాధ్యం కాదు. చేతులు నొప్పెట్టి దెబ్బలు తేలికయ్యే మధ్యాహ్నం పూట వేసిన వరుసల్లోనే ఇలాంటి సందులు ఎక్కువగా కనిపిస్తాయి. మేకు కొట్టే ముందు ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి పలకను సుత్తితో తట్టి, సందు పోయిందని కంటితో చూసి, ఆ తరువాతే నెయిలర్ ఎత్తే అలవాటు ఉన్న పనివాడు ఒక రోజు ఆలస్యంగా వచ్చినా అతడికోసం ఆగడం మేలని నా అభిప్రాయం.

నెయిలర్ గొప్పతనం వేగంలో లేదు. వేయి మేకులనూ ఒకే కోణంలో, ఒకే లోతుకు దించడంలో ఉంది. చిక్కు కూడా అక్కడే ఉంది. లోతు సరిగ్గా కుదిర్చి ఉంటే వేయి మేకులూ సరిగ్గా దిగుతాయి. తప్పుగా కుదిర్చి ఉంటే ఆ తప్పే వేయిసార్లు జరుగుతుంది. చేత్తో కొట్టేవాడికి చెక్క చీలిన చప్పుడు చెవినపడుతుంది, సుత్తి బరువు మార్చుకుంటాడు. గాలి యంత్రం మోతలో ఆ చప్పుడు వినబడదు. తరువాతి వరుస వచ్చి కప్పిందంటే ఇక ఆ మేకును ఇంటి యజమాని కాదు కదా, దాన్ని కొట్టినవాడు కూడా చూడలేడు. కాబట్టి ఈ పనిలో తనిఖీకి దొరికే సమయం ఒక వరుస వేసి ఇంకో వరుస వేసేలోగానే.

ఆ కాస్త వ్యవధిలో చూడవలసింది ఏమిటంటే, మేకు తల నాలుక మూలలో చెక్కతో సమంగా, అటూ ఇటూ కాకుండా ఆగిందా లేదా అన్నది. తల పైకి నిలిచి ఉంటే తరువాతి పలక గాడి దానికి తగిలి పూర్తిగా మూసుకోదు. తల మరీ లోపలికి దిగిపోయి ఉంటే నాలుక చీలుతుంది. చీలిన నాలుక పట్టు ఇవ్వదు, నడిచినప్పుడల్లా మేకు పక్కన చెక్క పైకీ కిందికీ ఆడుతుంది. కిర్రుమనే చప్పుడు చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది. ఒకసారి అలా మోత పెట్టే నేలలో కొన్ని పలకలు విప్పించి చూశాను. పై నుంచి చూస్తే ఆ నేలకు ఏ వంకా పెట్టలేం. విప్పాక చూస్తే నాలుక పొడుగునా, ప్రతి మేకు దగ్గరా, ఈనె వెంబడి వేలెడు పొడవున చీలిక. మేకులన్నీ చెక్కలో మునిగిపోయి, తలల చుట్టూ నార నలిగి పొడిగా రాలుతోంది. వరసగా అన్నీ ఒకే తీరు. ఆ పని చేసినవారు గాలి పీడనాన్ని కంప్రెసర్ ఇచ్చినంతా ఇచ్చి వదిలేశారని వేరే చెప్పనక్కరలేదు.

పీడనం ఎంత పెంచితే అంత మంచిదన్న మాట ప్రమాదకరం అనడానికి కారణం ఇదే. చాలా నేల నెయిలర్లు 70 నుంచి 100 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల పీడనం) మధ్య పనిచేస్తాయి. ఆ మధ్యలో ఎంత పెట్టాలన్నది చెక్కను బట్టి, మేకు మందాన్ని బట్టి, గొట్టం పొడవును బట్టి మారుతుంది. పని మొదలుపెట్టే ముందు, వేయబోయే పలకలోంచే కోసిన ముక్క మీద, పలకలకు ఆధారంగా కింద పరిచిన ప్లైవుడ్ లాంటి ప్లైవుడ్ మీదే, తక్కువ పీడనంతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ, తల సమంగా ఆగే చోట పీడనాన్ని అదుపుచేసే రెగ్యులేటర్‌ను నిలపాలి. దీనికి పట్టేది కొద్ది నిమిషాలే. కొత్త కట్ట విప్పినప్పుడు, వాతావరణం మారినప్పుడు మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

చెక్క గట్టిదనం గురించి కూడా ఒక మాట. గాబ్రియెల్ యాంకా 1906లో రూపొందించిన పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉంది, 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సగం వరకు చెక్కలోకి దించడానికి ఎంత బలం కావాలో అది కొలుస్తుంది. ఆ లెక్కన రెడ్ ఓక్ 1,290 పౌండ్లు, హార్డ్ మేపుల్ 1,450 పౌండ్లు. జటోబా లాంటి చెక్కలు రెడ్ ఓక్‌కు దాదాపు రెట్టింపు గట్టివి. ఓక్ మీద చక్కగా కుదిరిన 16 గేజ్ మేకు అలాంటి చెక్క నాలుకను చీల్చవచ్చు. అక్కడ సన్నని 18 గేజ్ మేకు మేలు. గేజ్ అంకె పెరిగేకొద్దీ మేకు సన్నబడుతుందన్న సంగతి దుకాణంలో తికమకపెడుతుంది కనుక గుర్తుంచుకోవడం మంచిది.

నెయిలర్ పేరుతో దొరికేవన్నీ ఈ పనికి పనికిరావు. కట్టడంలో దూలాలు బిగించే నెయిల్ గన్‌తోనే నేల కూడా వేసేస్తామనేవారు తగులుతుంటారు. దాన్ని చేత్తో ఏటవాలుగా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కాలి. కోణం మేకు మేకుకీ మారుతుంది, పలకను అదిమే దెబ్బ ఉండదు, నున్నటి గుండ్రని మేకు తల నాలుకలో ఇమడదు. నేలకోసం చేసిన యంత్రంలోనైనా పాదం కింద పెట్టే పళ్లెం పలక మందానికి సరిపోవాలి. ముప్పావు అంగుళం పలకకు కుదిర్చిన యంత్రాన్ని అలాగే అర అంగుళం పలక మీద వాడితే మేకు నాలుక మూలలో కాక పక్కన దిగుతుంది, పలక పై అంచు కూడా నలుగుతుంది. ఒకదానికొకటి తగిలించి నేల మీద ఊరికే పరిచే లామినేట్ పలకలకు అసలు మేకే కొట్టకూడదు. వాటికి కదిలే వీలు ఉండాలి.

మేకుల్లో రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి క్లీట్, అంటే ఎల్ లేదా టీ ఆకారపు తలతో, పక్కల గరుకు పళ్లతో ఉండే చదును మేకు. రెండోది పదిహేనున్నర గేజ్ స్టేపిల్. స్టేపిల్‌కు రెండు కాళ్లు కనుక మొదట్లో పట్టు గట్టిగా ఉంటుంది, ఖర్చు కూడా తక్కువే. అయినా నా మొగ్గు క్లీట్ వైపే. కాలాలతో పాటు చెక్క కదిలినప్పుడు క్లీట్ కొద్దిగా ఒదిగి, పట్టు వదలకుండా ఉంటుంది. స్టేపిల్ వాడి చక్కగా నిలిచిన నేలలు లేవని నేననను. ముప్పావు అంగుళం మందం పలకకు సాధారణంగా రెండు అంగుళాల మేకు వాడతారు. కాంక్రీటు మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్ పరిచి దాని మీద పలకలు వేసేటప్పుడు మాత్రం అంగుళంన్నర మేకు వాడాలి, లేకపోతే మొన కాంక్రీటును తాకి మేకు వంగి తల పైకి నిలుస్తుంది. నేల కింద నీటి గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో తెలియకుండా ఏ పొడవు మేకూ కొట్టకూడదు.

మేకుకూ మేకుకూ మధ్య 8 నుంచి 10 అంగుళాలు, పలక కొసల నుంచి 1 నుంచి 3 అంగుళాలు అన్నది క్లీట్లకు వాడుకలో ఉన్న కొలత. స్టేపిళ్లకూ వెడల్పు పలకలకూ ఇంకా దగ్గరగా కొట్టాలి. ఎంత చిన్న ముక్కకైనా రెండు మేకులకు తగ్గకూడదు. పలక తయారుచేసినవారు వేరే కొలత ఇచ్చి ఉంటే అదే పాటించాలి. చదరపు అడుగు లెక్కన కూలి మాట్లాడుకున్న చోట ఈ దూరమే మొదట సాగుతుంది. ఎనిమిది అంగుళాలు పన్నెండవుతుంది, సాయంత్రానికి పదహారవుతుంది. తప్పంతా పనివాడిదే అనను. పొద్దుగూకేసరికి ఇంత నేల వేస్తేనే గిట్టుబాటయ్యేలా బేరం కుదిర్చింది మనమే.

దీన్ని పట్టుకోవడానికి ఇంటివారు వడ్రంగం నేర్చుకోనక్కరలేదు, గుణకారం వస్తే చాలు. రెండుంబావు అంగుళాల వెడల్పు పలకలతో 100 చదరపు అడుగులు వేయాలంటే మొత్తం సుమారు 533 అడుగుల పొడవు పలక పడుతుంది. ఎనిమిది అంగుళాలకొక మేకు చొప్పున అది 800 మేకులు. చిన్న ముక్కలకు అదనంగా పడేవి కలిపితే ఇంకా ఎక్కువే. మేకుల పెట్టె మీద ఎన్ని ఉన్నాయో రాసే ఉంటుంది. పని మధ్యలో ఖాళీ పెట్టెలు చూసి, వేసిన నేలతో లెక్క కట్టుకుంటే తేడా తెలిసిపోతుంది. లెక్క అడుగుతారని మొదటి రోజే చెప్పేస్తే మనస్పర్ధలకు చోటుండదు.

ఎంత మంచి మేకైనా తేమ ముందు నిలవదు. ఈ విషయాన్ని మీ వ్యాసం పూర్తిగా వదిలేయడం నాకు ఆశ్చర్యం కలిగించింది. చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, వదిలి ముడుచుకుంటుంది. పొడవులో ఆ మార్పు లెక్కలోకి రానంత, వెడల్పులో మాత్రం కంటికి కనిపించేంత. దుంగను ఒక పక్క నుంచి వరసగా చీరుతూ తీసిన రెడ్ ఓక్ పలక 125 మిల్లీమీటర్ల వెడల్పుదైతే, దాని తేమ 4 శాతం మారినప్పుడు వెడల్పు దాదాపు 2 మిల్లీమీటర్లు మారుతుంది. ఒక గది వెడల్పున అలాంటి పలకలు ఇరవై నాలుగు ఉంటే మొత్తం మార్పు నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది. దుంగ నడిమి నుంచి నిలువుగా కోసిన పలకలో ఈ కదలిక సగం కంటే తక్కువే ఉంటుంది, అందుకే దానికి ఖరీదెక్కువ. ఈ కదలికను మేకులు కొంత ఆపుతాయి, గోడల వెంబడి వదిలిన సందు కొంత భరిస్తుంది. పచ్చిగా ఉన్న పలకను బిగిస్తే ఆరినకొద్దీ సందులు పడతాయి, మరీ ఎండిన పలకను బిగిస్తే వానాకాలంలో అంచులు పైకి లేచి ఒక్కో పలకా దోనెలా అవుతుంది. అప్పుడు నెయిలర్‌నో మేకునో తిట్టుకుని లాభం లేదు.

అమెరికాలోని నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్ మార్గదర్శకాల ప్రకారం, 3 అంగుళాల లోపు వెడల్పు పలకలకు పలక తేమకూ కింది ప్లైవుడ్ తేమకూ మధ్య తేడా 4 శాతం మించకూడదు, 3 అంగుళాలు, అంతకు మించిన వెడల్పుంటే 2 శాతం మించకూడదు. దీన్ని కొలవడానికి తేమ మీటరు కావాలి. పలకలను గదిలో ఇన్ని రోజులు ఉంచితే చాలునని చెప్పే లెక్కలను నేను నమ్మను. మీటరు అంకె కదలకుండా నిలిచేదాకా ఆగడమే పద్ధతి. కాంక్రీటు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పైకి పొడిగా కనిపించే గచ్చు లోపల నెమ్ము దాచుకుని ఉండవచ్చు. ఒక ప్లాస్టిక్ పట్టాను నేల మీద పరిచి నాలుగు పక్కలా టేపు వేసి, కనీసం ఒక రోజు ఉంచి చూస్తే కింద చెమ్మ పట్టిందో లేదో తెలుస్తుంది. ఇది మోటు పరీక్షే. చెమ్మ కనిపిస్తే పని ఆపడానికి చాలు, కనిపించకపోయినంత మాత్రాన పని మొదలుపెట్టడానికి చాలదు. చెక్క పలకను నేరుగా కాంక్రీటుకు మేకులతో బిగించడం అయ్యే పని కాదు. మధ్యలో తేమను అడ్డే పొర, దాని పైన మేకు పట్టే ప్లైవుడ్ ఉండి తీరాలి.

ప్లైవుడ్ సంగతీ అంతే. అది మూడు మీటర్ల పొడవున 5 మిల్లీమీటర్లకు మించి ఎగుడుదిగుడు ఉంటే, గుంట మీద పడిన పలకకు కింద ఆధారం ఉండదు, మేకు దానిని గాలిలోనే పట్టుకుని ఉంటుంది. తిన్నని బద్ద అడ్డం పెట్టి చూసి, మిట్టలు చెక్కి, గుంటలు పూడ్చి, వదులైన షీట్లకు స్క్రూలు బిగించాకే నెయిలర్ పెట్టె తెరవాలి. ప్లైవుడ్ కింద దూలాలుంటే పలకలు వాటికి అడ్డంగా పోవాలి.

మొదటి రెండు మూడు వరుసలకూ చివరి వరుసలకూ ఈ నెయిలర్ పనికిరాదు, గోడ అడ్డువచ్చి సుత్తి ఎత్తడానికి చోటుండదు. అక్కడ సన్నని మేకులు కొట్టే ఫినిష్ నెయిలర్‌తోనో, బెజ్జం వేసి చేత్తోనో, స్కర్టింగ్ కప్పే మేరలో పై నుంచి బిగించాలి. మొదటి వరుస సుద్ద దారం గీత మీద నిలవాలి. గోడ తిన్నగా ఉందన్న నమ్మకంతో గోడను పట్టుకుని మొదలుపెడితే వంకర గది అవతలి చివరకు చేరేసరికి అందరికీ కనిపిస్తుంది. గోడల వెంబడి పలక మందమంత, అంటే ముప్పావు అంగుళం, సందు వదలాలి.

చివరగా, వ్యాసంలో ఒక్క మాట కూడా లేని భద్రత గురించి. మేకు ఇరుక్కున్నప్పుడు గాలి గొట్టం ఊడదీయకుండా యంత్రం నోట్లో వేలు పెట్టకూడదు. గొట్టం తగిలించి ఉన్న యంత్రాన్ని పలకల మీద వదిలేసి భోజనానికి వెళ్లకూడదు, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో. కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. మూసిన గదిలో ఆ మోత రోజంతా వింటే వినికిడి పోతుంది. కంప్రెసర్ లేదు కదా అని ఆక్సిజన్ సిలిండర్‌నో మరే గ్యాస్ సిలిండర్‌నో తగిలించే ఆలోచన ఎవరికైనా వస్తే వారిని వెంటనే ఆపాలి, యంత్రం చేతిలోనే పేలిపోగలదు. రోజూ పని ముగిశాక కంప్రెసర్ తొట్టిలో చేరిన నీటిని వదిలేయాలి, లేకపోతే తొట్టి లోపల తుప్పు పట్టడంతో పాటు ఆ చెమ్మ నెయిలర్‌లోకీ పోతుంది. ఇక పలకలు కోసేటప్పుడు లేచే పొడిని తేలికగా తీసుకోకూడదు. చెక్క పొడి మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చి మొదటి వర్గంలో చేర్చింది. కోత పని ఆరుబయట పెట్టుకోవాలి, ముక్కుకు గుడ్డ కాకుండా పొడిని ఆపే సరైన మాస్కు కట్టుకోవాలి. ఆ మాస్కులు కొనిపెట్టే బాధ్యత పని చేయించుకునేవారిదో, గుత్తకు తీసుకున్నవారిదో ఒప్పందంలోనే రాసుకుంటే మంచిది, ఎందుకంటే ఇద్దరూ ఎదుటివారిదే అనుకున్న చోట పనివాడి ముఖానికి ఏమీ ఉండదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు